నూరవ భాగమును తిరిగి అడుగవచ్చునా?

ఈ నెల మనము ధ్యానించునది ఒక చిన్న లెక్కను గూర్చి. ఒక విధవరాలు పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకొని చూడగా 118 రూపాయలు తగ్గియున్నవి. దాని కెదురుగా రెండు మూడు ఇంగ్లీషు అక్షరములు తప్ప మరేమియు లేదు. విచారింపగా, ఖాతాలో ఉండవలసిన కనీస నిల్వ లేనందున నూరు రూపాయలు జరిమానాయనియు, దానిమీద పన్ను 18 రూపాయలనియు తెలిసినది. చదువుకొన్న మనుమడు "నాయనమ్మా, ఫోనులోనే ఫిర్యాదు పెట్టెదను, డబ్బు తిరిగి వచ్చును" అనుచున్నాడు. ఆమె "వద్దురా, వంద రూపాయలకు కోర్టు కెక్కినారని నలుగురు నవ్వుదురు, దేవుడే చూచుకొనును" అనుచున్నది. ఇట్టి ఇండ్లు మన సంఘములలో ఎన్నో కలవు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వాక్యమునకు దగ్గరగా నున్నది?

తొందరపడి జవాబు చెప్పరాదు. ఆ తల్లి మాటలో భక్తి యున్నది. ఆ బిడ్డ మాటలో న్యాయమున్నది. రెండింటిని దేవుడే యిచ్చెను గదా.

నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయమును తెరచి చూడుడి. యెరూషలేము ప్రాకారము కట్టబడుచున్న దినములవి. శత్రువులు చుట్టు నుండగా జనులు ఒక చేత పని, ఒక చేత ఆయుధము పట్టుకొని యుండిరి. అట్టి సమయములో బీదలును వారి భార్యలును పెద్దగా మొరపెట్టిరి. ఆ మొర శత్రువుల మీద కాదు, స్వజనుల మీదనే. కరవులో ధాన్యము కొరకు పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువపెట్టిరి. రాజునకు పన్ను కట్టుటకు అప్పు చేసిరి. కొందరు కన్నబిడ్డలనే దాసత్వమునకు అప్పగించిరి. ఇది వినినప్పుడు నెహెమ్యా మిగుల కోపపడెను. అయినను వెంటనే నోరు తెరువలేదు. తనలో తాను ఆలోచించుకొని, తరువాత ప్రధానులను గద్దించి, పెద్ద సమాజమును కూర్చెను.

ఆయన తిరిగి ఇమ్మని అడిగిన వాటిని ఒక్కొక్కటిగా గమనించుడి. పొలములు, తోటలు, ఇండ్లు. ఇవి పెద్దవి గనుక అడుగుట సహజమే. అయితే ఆయన అంతటితో ఊరకొనలేదు. సొమ్ములోను ధాన్యములోను ద్రాక్షారసములోను నూనెలోను వారు పట్టుకొనుచుండిన నూరవ భాగమును గూడ ఇచ్చివేయుమనెను. ఇది నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీయని వ్యాఖ్యాతలు అనేకులు తలంచుచున్నారు. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు కట్టుటకు అలవాటుపడిన మన పల్లెలవారు దీనిని విని "రూపాయి వడ్డీ కూడ ఒక వడ్డీయేనా" అందురు కాబోలు. పొలమే పోయినవానికి నూరవ భాగము ఏపాటిదని నెహెమ్యా యనలేదు. ప్రాకారము సగములో నున్నది, శత్రువు వాకిట నున్నాడు, ఇప్పుడు ఈ చిల్లర లెక్కలెందుకని గూడ అనలేదు. పని నడుమనే సమాజమును పిలిచి ఈ సంగతి తేల్చెను.

ఇక మన తల్లి పక్షమున చెప్పదగిన లేఖనములు లేకపోలేదు. అంగీ నిమిత్తము వ్యాజ్యెమాడువానికి పైవస్త్రము గూడ విడిచిపెట్టుమని ప్రభువు కొండమీద బోధించెను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో, సహోదరుడు సహోదరునిమీద అవిశ్వాసుల యెదుట వ్యాజ్యెమాడుటకంటె నష్టము నోర్చుకొనుట మేలని పౌలు బోధించుచున్నాడు. వీటిని మనము తేలికచేయరాదు. గట్టు తగాదాలతోను, సంఘపు స్థలముల తగాదాలతోను తరతరములు కోర్టుల చుట్టు తిరిగిన మన సంఘములకు ఈ మాటలు ఎంతో అవసరము.

అయితే పౌలు అక్కడ ఎవరినిగూర్చి వ్రాయుచున్నాడు? ఒకే రొట్టె విరుచుకొను ఇద్దరినిగూర్చి. బ్యాంకు మన సహోదరుడు కాదు, మన శత్రువును కాదు. అది చట్టము చేత ఏర్పడి, చట్టమునకు లోబడి, కోట్ల మంది సొమ్మును భద్రపరచు సంస్థ. దానితో మనకున్నది ఒడంబడిక. ఒడంబడికను చూపి "ఇందులో ఇది వ్రాసియున్నదా?" యని అడుగుట పగ తీర్చుకొనుట కాదు. ఈ పౌలే ఫిలిప్పీలో, విచారణ లేకుండ బెత్తములతో కొట్టించి రహస్యముగా పంపివేయజూచిన అధికారులను వారే స్వయముగా వచ్చి మమ్మును వెలుపలికి తీసికొని పోవలెనని పట్టుపట్టెను. ఆయన రూపాయి అడుగలేదు. జరిగినది తప్పని ఒప్పుకొనుమని అడిగెను. ఆ పట్టణములో లూదియ యింట అప్పుడే పుట్టిన చిన్న సంఘము వెనుక నిలిచియున్నది. రేపు ఆ అధికారులు వారిమీద చేయి వేయుటకు ముందు ఒకసారి ఆలోచింతురు గదా.

పైవస్త్రమును గూర్చియు ఒక మాట. నా పైవస్త్రమును విడిచిపెట్టుట నా చేతిలో నున్నది. నా పొరుగువాని పైవస్త్రమును విడిచిపెట్టుటకు నాకు అధికారము లేదు. కుదువగా తీసికొనిన బీదవాని వస్త్రమును సూర్యాస్తమయమునకు ముందే తిరిగి ఇయ్యవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞయున్నది. రాత్రి వాడు కప్పుకొనుటకు అది తప్ప మరొకటి లేదు గనుక. వస్త్రము వెల ఎంతయని అక్కడ లెక్కింపబడలేదు. వాని రాత్రి చలి లెక్కింపబడినది.

ఈ ప్రశ్న మన దేశములో మాత్రమే పుట్టినది కాదు. సుమారు ఇరువది ఏండ్ల క్రిందట ఇంగ్లండు దేశములో ఇది ఇంటింటి మాటగా నుండెను. ఆ చరిత్ర మనకు బోధకరమైనది గనుక కొంచెము వివరముగా చెప్పెదము.

అక్కడి బ్యాంకులలో ఖాతాయందు సొమ్ము లేని సమయమున ఒక చెక్కు గాని నెలసరి వాయిదా గాని వచ్చినయెడల బ్యాంకువారు ఒక్కొక్క సారికి సుమారు 30 పౌనులు, కొందరు అంతకు మించి 39 పౌనుల వరకు పట్టుకొనుచుండిరి. ఆ పట్టుకొనిన సొమ్ము చేతనే ఖాతా మరింత క్రిందికి దిగును. దిగినందున మరుసటి వాయిదా తిరిగిపోవును. దానికి మరల 30 పౌనులు. జీతము వచ్చుటకు రెండు దినములు ముందు కొద్దిపాటి లోటుతో ఆరంభమైనది నెల ముగియులోగా నూటికి మించిపోవును. చెక్కును తిప్పిపంపుట కంప్యూటరు చేయు పని. దానికి బ్యాంకునకు నిజముగా అగు ఖర్చెంతయని జనులు అడుగసాగిరి. మాట తప్పినవాని వద్ద కలిగిన నష్టమును మించి దండుగగా రాబట్టరాదనునది ఆ దేశపు పాత న్యాయసూత్రము. 2006 ఏప్రిల్‌లో అక్కడి వ్యాపార న్యాయ కార్యాలయము, క్రెడిట్ కార్డుల విషయములో 12 పౌనులకు మించిన దండుగను అన్యాయమైనదిగా ఎంచెదమని ప్రకటించినది. దానితో బ్యాంకు ఖాతాల వారికిని ధైర్యము వచ్చినది.

అప్పటికే ఇంగ్లండు, వేల్స్ దేశములలో మనీ క్లెయిమ్ ఆన్‌లైన్ అను ఏర్పాటు ఉండెను. వకీలు లేకుండ, కోర్టు మెట్లెక్కకుండ, ఇంటిలోనుండియే కంప్యూటరు ద్వారా దావా వేయవచ్చును. ఆ దినములలో 5,000 పౌనుల వరకు చిన్న దావాల పద్ధతిలో విచారణ జరుగుచుండెను. ఆరు సంవత్సరముల వెనుకటి వరకు లెక్క అడుగుటకు చట్టము ఒప్పుకొనును. జనులు పాత లెక్కల పత్రములు తెప్పించుకొని, ఒక్కొక్క దండుగను ఎర్ర సిరాతో గుర్తించి, కూడి, ముందు బ్యాంకునకు ఉత్తరము వ్రాసి, జవాబు రానప్పుడు దావా వేసిరి. విచారణ దినము సమీపించగానే బ్యాంకువారు చాలమందికి సొమ్ము చెల్లించి దావా ముగించుకొనిరి. తీర్పు వ్రాయబడకుండుటయే వారికి కావలెను.

ఇక్కడ మనము ఆగవలెను. అడిగినవానికి సొమ్ము వచ్చినది. అడుగనివానికి రాలేదు. ఒకే వీథిలో ఒకే బ్యాంకులో ఒకే దండుగ కట్టిన ఇద్దరిలో, కంప్యూటరు తెలిసినవాడు తన వంతు తీసికొని పోయెను. తెలియని ముసలివాడు కట్టుచునే యుండెను. బ్యాంకు తన పద్ధతి మార్చుకొనలేదు. నూరవ భాగము నెహెమ్యా చేతికి మాత్రము తిరిగి వచ్చి, తక్కినవారు పూర్వమువలెనే ఇచ్చుచుండినయెడల ఆ అధ్యాయము ఎట్లుండెడిది?

2007 జూలైలో అక్కడి వ్యాపార న్యాయ కార్యాలయము ఏడు బ్యాంకులమీదను ఒక గృహనిర్మాణ సంఘముమీదను పరీక్షా వ్యాజ్యెము వేసెను. దేశమంతట నున్న చిన్న దావాలు నిలిపివేయబడినవి. క్రింది కోర్టులలో బ్యాంకులు ఓడినవి. అయితే 2009 నవంబరు 25వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము బ్యాంకుల పక్షమున తీర్పు చెప్పినది. ఆ తీర్పు సరిగా ఏమనినదో తెలిసికొనుట మంచిది. ఆ దండుగలు న్యాయమైనవని న్యాయాధిపతులు చెప్పలేదు. అవి బ్యాంకు సేవలకు చెల్లించు మొత్తము వెలలో భాగములు గనుక, ఆ వెల తగినదా కాదా యని ఆ చట్టము క్రింద విచారించుటకు వీలులేదని చెప్పిరి. వేలమంది రెండేండ్లకు పైగా కనిపెట్టుకొని యున్న దావాలు వట్టివైపోయినవి. పిమ్మట పది సంవత్సరములకు పైగా గడచిన తరువాత, 2020 ఏప్రిల్‌లో, ముందుగా ఒప్పుకొనని ఓవర్‌డ్రాఫ్టులకు ఒక్కొక్కసారికి ఇంతయని దండుగ పట్టుకొనుటను అక్కడి నియంత్రణ సంస్థయే నిషేధించినది. విసుగక వచ్చిన విధవరాలిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానమును చదువునప్పుడు మనము ఆ స్త్రీ ఎన్ని దినములు తిరిగెనని అడుగము. ఏండ్లు పట్టి యుండవచ్చును.

ఆ వ్యాజ్యెములో బయటపడిన మరియొక సంగతి మనకు ఎక్కువ ముఖ్యమైనది. ఖాతాదారులవలన బ్యాంకులకు వచ్చు ఆదాయములో నూటికి ముప్పది వంతులకు పైగా ఈ దండుగలనుండియే వచ్చుచుండెను. ఎప్పుడును లోటు పడని కలిగినవారికి బ్యాంకు సేవ ఉచితము. ఆ ఉచితమునకు వెల చెల్లించినవారు నెలాఖరున చేయి ఖాళీయైనవారు. బీదవాడు బీదవాడే గదాయని వానిని దోచుకొనవద్దనియు, వాని వ్యాజ్యెమును యెహోవాయే చేపట్టుననియు సామెతల గ్రంథము 22వ అధ్యాయము హెచ్చరించుచున్నది. కనీస నిల్వ లేదని దండుగ వేయుటలో వాని నేరమేమి? సొమ్ము లేకుండుటయే.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. 2019-20 మొదలు అయిదు సంవత్సరములలో ప్రభుత్వరంగ బ్యాంకులు కనీస నిల్వ లేనందుకు వసూలు చేసిన జరిమానా సుమారు 8,500 కోట్ల రూపాయలని 2024లో ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపెను. ఇవన్నియు నూరు, రెండు నూరుల చొప్పున పోగైనవే. స్టేట్ బ్యాంకు 2020లోనే ఈ జరిమానా తీసివేసినది. 2025లో మరికొన్ని ప్రభుత్వ బ్యాంకులును ఆ దారి పట్టినవి. అన్ని బ్యాంకులును మానలేదు.

జరిమానా వేయుటకు బ్యాంకులకు హక్కున్నను, దానికి హద్దులున్నవి. 2015 ఏప్రిల్ నుండి అమలగునట్లు రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశమును చదువురానివారికి చదివి వినిపింపుడి. నిల్వ తగ్గినప్పుడు బ్యాంకు ముందుగా ఖాతాదారునికి తెలియజేయవలెను. సరిచేసికొనుటకు నెలకు తక్కువ కాని గడువీయవలెను. తగ్గిన మొత్తమును బట్టియే జరిమానా ఉండవలెను. ఈ జరిమానా చేతనే ఖాతా సున్నకు దిగువకు పోరాదు. కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక పొదుపు ఖాతా 2012 నుండి ఉన్నది. జన్‌ధన్ ఖాతాలు అట్టివే. ఈ హద్దులు దాటి పట్టుకొనినది తప్పు త్రాసు. తిరిగి అడుగుట దురాశ యనుటకు మాకు నోరు రాదు.

అయితే అడుగువాని త్రాసు గూడ సరిగా నుండవలెను. ఈ విషయమున మన యౌవనస్థులకు గట్టిగా చెప్పవలసియున్నది. పాస్‌బుక్కులో తగ్గిన ప్రతి రూపాయి దొంగిలింపబడినది కాదు. మే నెల చివర 20 రూపాయలు పోయినవని గగ్గోలు పెట్టినవారిని మేమెరుగుదుము. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. వారు వేలిముద్ర వేసి ఒప్పుకొనినదే. ప్రమాదమున మరణము సంభవించినయెడల కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. అట్లే 436 రూపాయలది జీవనజ్యోతి బీమా. అడుగకయే, చెప్పకయే వ్రాసికొనిరా, ప్రశ్నింపుడి. ఒప్పుకొని మరచితిరా, బ్యాంకును నిందింపకుడి. ఇంగ్లండులో చిన్న దావా వేయువాడు తాను వ్రాసినది సత్యమని క్రింద సంతకము చేయవలెను. అబద్ధమైనచో న్యాయస్థానమును ధిక్కరించినట్లే. మన అర్జీలలోను అట్టి ప్రమాణ వాక్యముండును. "సందేశము రాలేదు" అని వ్రాయుటకు ముందు ఫోనులో వెదకి చూడుడి. సందేశము వచ్చి, ఇంగ్లీషులో నున్నందున అర్థము కాలేదా? అదే వ్రాయుడి. అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞలో బ్యాంకులమీద పలుకవచ్చునను మినహాయింపు లేదు.

కౌంటరు వద్ద కూర్చున్న ఉద్యోగిని తిట్టుటవలన గూడ ప్రయోజనము లేదు. ఆ జరిమానా అతడు నిర్ణయించినది కాదు, అతని జేబులోనికి పోవునది కాదు. ఆ కుర్చీలలో మన సంఘముల బిడ్డలును ఉన్నారు. నెహెమ్యా గద్దించినది ప్రధానులను, అధికారులను. లెక్కలు వ్రాయు గుమాస్తాల ప్రస్తావన ఆ అధ్యాయములో కనబడదు.

మరియు నెహెమ్యా ఆ సమాజములో తననుగూర్చియు చెప్పుకొనెను. నేనును నా బంధువులును నా సేవకులును ఇట్లే అప్పులిచ్చియున్నాము, మానివేయుదము రండని. ఈ మాట మన సంఘ పెద్దల చెవిలో పడవలెనని మా కోరిక. మన సంఘముల ఖాతాలు, మన పెద్దల ఖాతాలు నిల్వ నిండుగా నుండి, వాటికి జరిమానా తగులదు. అందుచేత ఆదివారము కానుకలు లెక్కించు బల్లవద్ద ఈ సంగతి ఎన్నడును రాదు. ఆ కానుకలలో పది రూపాయల నోటు వేసిన తల్లి ఖాతానుండి అదే నెలలో 118 రూపాయలు పోయినవని ఎవరెరుగుదురు? అన్యాయమును ఓర్చుకొనుమని ఆమెకు బోధించుటకు, ఆ అన్యాయము ఎన్నడును తగులని మనము తగినవారమా?

కనుక మనుమడు అర్జీ పెట్టవచ్చును. పెట్టవలెను. అయితే తన నాయనమ్మ సొమ్ము వచ్చినదని ఫోను మూసివేయకూడదు. ఆమె డ్వాక్రా సంఘములో పదిమంది స్త్రీలున్నారు. అదే బ్యాంకు, అవే ఖాతాలు. వారి పాస్‌బుక్కులను గూడ చూడవలెను. ఫలానా శాఖలో ఇంతమందికి ముందు తెలియజేయకుండ పట్టుకొనినారని పేర్లతోను తేదీలతోను వ్రాసిన ఉత్తరమునకు, ఒక్కరి అర్జీకి లేని బరువుండును. చదువు వచ్చినవారి చదువు ఎవరిదని అడిగినచో, దానికి జీతము కట్టి చదివించిన ఆ నాయనమ్మలదే యని చెప్పవలసియున్నది.

పద్ధతి కష్టమైనది కాదు. మొదట బ్యాంకు శాఖకే తెలుగులోనైనను ఉత్తరము వ్రాసి, ఒక ప్రతిమీద ముద్ర వేయించుకొనవలెను. సాధారణ ఖాతాను ప్రాథమిక పొదుపు ఖాతాగా మార్చుమని అదే ఉత్తరములో కోరవచ్చును. 30 దినములలో జవాబు రానియెడల, లేక వచ్చిన జవాబు సరిగా లేనియెడల, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఫోనులోగాని కంప్యూటరులోగాని వ్రాయవచ్చును, కాగితముమీద వ్రాసి టపాలో గూడ పంపవచ్చును. సందేహములకు 14448 అను నంబరున్నది. వినియోగదారుల కమిషన్ దారి వేరుగా నున్నది. 2019 చట్టము ప్రకారము మనము నివసించు జిల్లాలోనే అర్జీ వేయవచ్చును. సేవకు చెల్లించిన వెల 5 లక్షల లోపైనచో రుసుము లేదు. 2025 జనవరి నుండి ఇ-జాగృతి అను ఏర్పాటు ద్వారా ఇంటినుండియే పంపవచ్చును. ఒకే సంగతిని రెండుచోట్ల ఒకేసారి నడుపరాదు గనుక ముందుగా అంబుడ్స్‌మన్‌ను అడుగుట సులువు.

పాస్‌బుక్కులు తెచ్చువారు ఫోనును గూడ తేవలెను, బ్యాంకు సందేశములను తుడిపివేయరాదు. రహస్య నంబరును ఎవరికిని, సంఘ కాపరికైనను, చెప్పరాదు. ఉత్తరముమీద బ్యాంకు ముద్ర పడిన తేదీనుండి 30 దినములు లెక్కించవలెను. ఆ తేదీని పాస్‌బుక్కు అట్ట లోపలివైపున పెద్ద అంకెలతో వ్రాసికొనుడి.